రత్నమ్మక్క గదికి వేరే మీటరు

ఈ సంగతి రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మా ఎలక్ట్రీషియన్ పనిలో తప్పు చేస్తే మామూలుగా అది కంటికి కనబడుతుంది. వైరు మాడుతుంది, బ్రేకర్ పడిపోతుంది, లేదంటే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఎర్ర సిరాతో ఏదో రాసి పోతాడు. నేను చెప్పబోయే పనిలో ఇవేవీ జరగలేదు. ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట అనకుండా సంతకం పెట్టాడు. నేను చదివిన పుస్తకాల ప్రకారం కూడా ఆ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా ఆ పని వల్లే రత్నమ్మ అనే ఆమె ఒక శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దున దాకా తన గదిలో నేల మీద పడి ఉంది. గోడకు అవతలే మనుషులున్నారు. ఎవరికీ తెలియలేదు. ఇలాంటి తప్పు గురించి ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు మాటలు. మాది జగిత్యాల వైపు. పదో తరగతితో బడి ఆగిపోయింది. మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో ఇంటి వైరింగ్ మీద ఒక పుస్తకం ఉండేది. దానికి అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. పదిహేడో పేజీ నుంచి మొదలుపెట్టి దాన్ని మూడుసార్లు చదివాను. ఆ పదహారు పేజీల్లో ఏముందో ఒమన్ వచ్చిన రెండేళ్లకు వేరే పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఇప్పటికీ చేతిలో పని లేకపోతే పుస్తకం పట్టుకుంటాను. కరెంటు గురించే కాదు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, చెట్ల పెంపకం, ఏది దొరికితే అది. నాతో పనిచేసేవాళ్లు నన్ను ‘లైబ్రరీ శంకరన్న’ అంటారు. ఆ పేరంటే నాకు గర్వమే. ఈ కథలో ఆ గర్వానికి కూడా కొంత పాత్ర ఉంది.

మూడేళ్ల కిందట, ఏప్రిల్ మొదట్లో ఇది మొదలైంది. అప్పుడు నేను మస్కట్‌లో ఒక చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ కంపెనీలో ఫోర్‌మన్‌ని. రువీలో కంపెనీ రూమ్. నాతో ఇద్దరు ఉండేవాళ్లు, ఒకరిది నేపాల్, ఒకరిది బంగ్లాదేశ్. ఇద్దరివీ వేరే షిఫ్టులు. నేను వచ్చేసరికి ఒకరు పడుకుని ఉండేవాళ్లు, నేను లేచేసరికి ఇంకొకరు. వారంలో ఆరు రోజులు తెలుగు మాట నా చెవిన పడేది కాదు. శుక్రవారం మాత్రం నడుచుకుంటూ హమ్రియా వెళ్లేవాణ్ని. అక్కడ ఒక పాత ఇంట్లో మా మండలం వాడు, తాపీ పని చేసే మల్లేశం ఉండేవాడు.

ఆ ఇంటికి మధ్యలో చిన్న ముంగిలి, చుట్టూ మూడు వాటాలు. ఒక దాంట్లో మల్లేశం, అతనితో పనిచేసే ఇద్దరు. రెండో దాంట్లో గోదావరి వైపు నుంచి వచ్చిన సత్యవతి గారు, ఆమె భర్త సూరిబాబు. సూరిబాబు ట్రాలీ లారీ డ్రైవర్, నెలలో ఇరవై రోజులు దూరపు సలాలా రోడ్డు మీదే ఉంటాడు. మూడో దాంట్లో రత్నమ్మ ఒక్కతే. రాయచోటి దగ్గర పల్లె. ఒమన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఒక పెద్దింట్లో పగటి డ్యూటీ, వంట పని. ఆ ఇంటి ముసలమ్మ ఒప్పుకుని ఆమెను బయట గదిలో ఉండనిచ్చింది. మనిషి పొట్టి, మాట మెల్లన. అందరికీ రత్నమ్మక్కే.

ఇంటికంతా ఒకటే మీటరు, ఇంటి యజమాని పేరు మీద. ముంగిట్లో నల్లా పక్కన గోడకు ఒక పాత బోర్డు, దాంట్లో అందరికీ కలిపి ఒకటే ఈఎల్‌సీబీ. ఈ పరికరం గురించి కొంచెం చెప్పాలి. లోపలికి పోయిన కరెంటు అంతా తిరిగి బయటికి రావాలి. అందులో కొంచెం దారితప్పి తడి గోడలోకో, మనిషి ఒంట్లోకో పోతే ఆ తేడాను ఇది పసిగట్టి రెప్పపాటులో లైన్ మొత్తం ఆపేస్తుంది. ప్రాణాలు కాపాడే వస్తువు. కానీ మూడు వాటాలకు కలిపి ఒక్కటే ఉంటే, ఒకరి గదిలో లోపం ఉన్నా అందరి కరెంటూ పోతుంది.

ఆ ఇంట్లో ఆ లోపం రత్నమ్మక్క కెటిల్‌లో ఉంది. సాయంత్రం ఐదు ప్రాంతంలో డ్యూటీ నుంచి వచ్చి ఆమె కెటిల్ స్విచ్ వేసేది. టక్కుమని ఇల్లంతా ఆగిపోయేది. ఏసీలు ఆగిన ఆ నిశ్శబ్దంలో మూడు తలుపులూ తెరుచుకునేవి.

“ఏందక్కా, చాయ్ పెట్టినవా?” మెడ మీద తువ్వాల వేసుకుని మల్లేశం వచ్చేవాడు.

“పెట్టినా నాయనా. పాడు ముండది, మళ్లా పడగొట్టె.”

“కెటిల్ పీకినవా? పీకు ముందుగాల. నేను బ్రేకర్ లేపుత.”

సత్యవతి గారు కొంగుతో విసురుకుంటూ గుమ్మంలో నిలబడేవారు. “ఏమండీ రత్నమ్మ గారూ, సీరియల్ సరిగ్గా పెళ్లి దగ్గరికొచ్చిందండీ! తాళి కట్టాడో లేదో ఇంక రేపటిదాకా తెలీదు నాకు.”

మల్లేశం స్టూల్ ఎక్కి బ్రేకర్ లేపేవాడు. తన వల్ల అందరికీ ఇబ్బంది అయిందని రత్నమ్మక్క గ్యాస్ మీద గిన్నె పెట్టి అందరికీ టీ కాచేది. అల్లం దంచి వేసేది. ముంగిట్లో తలా ఒక గ్లాసు పట్టుకుని ఒక అరగంట. శుక్రవారాల్లో ఆ గ్లాసుల్లో నాదీ ఒకటి. ఆ అరగంటలో ఎవరి ఊళ్లో వాన పడిందో, ఎవరికి వీసా ఇచ్చిన కఫీల్ కాగితాల మీద సంతకం పెట్టలేదో, అన్నీ తెలిసిపోయేవి. దానికి మల్లేశం ‘ట్రిప్పు చాయ్’ అని పేరు పెట్టాడు.

ఆ ఏప్రిల్‌లో యజమాని సాలిం గారు వచ్చారు. వయసు మీద పడిన మనిషి, హిందీ బాగా మాట్లాడతారు. ఉమ్మడి బిల్లు మీద వాటాల మధ్య నెలనెలా కీచులాట ఆయన దాకా పోతోంది. “ముఝే రోజ్ రోజ్ కా ఝగ్డా నహీ చాహియే. గర్మీ సే పహలే బోలో. ఏక్ రఖో, యా సబ్ అలగ్ అలగ్ కరో. ఖలాస్,” అన్నారు. ఒకటే ఉంచుకుంటారో, వేరు చేసుకుంటారో ఎండలు ముదిరేలోపు మాట చెప్పమని, వేరు చేస్తే ఆ పని నన్నే చేయమని చెప్పి వెళ్లిపోయారు.

వచ్చిన శుక్రవారం ముంగిట్లో కూర్చున్నాం. అప్పటికి మూడో దారి కూడా తయారైంది. వెనక గల్లీలో కిరాణా కొట్టు నడిపే బకాలా ఆయన, నెలకు ఇంత అని ఇస్తే తన దుకాణం నుంచి లైన్ లాగి ఇస్తానన్నాడు.

ఆ పూట నాకు హుషారుగా ఉంది. కారణం, ఆర్థికశాస్త్రం పుస్తకంలో చదివిన ఒక అధ్యాయం. కొన్ని దేశాల్లో కరెంటు అమ్మే కంపెనీలు చాలా ఉంటాయి. స్తంభాలు, వైర్లు ఒకరివి. వాటి మీద కరెంటు అమ్మేవాళ్లు వేరు. ఇంటివాళ్లు కూరగాయలు బేరం చేసినట్టు కంపెనీలను పోల్చి చూసుకుని ఒకరిని ఎంచుకుంటారు, నచ్చకపోతే మారిపోతారు. ఇంటికి వచ్చే వైరు మాత్రం అదే. ఒమన్‌లో ఇళ్లకు అలాంటి ఎంపిక లేదు. ఏ ప్రాంతానికి ఏ కంపెనీ ఉందో అదే ఇస్తుంది. మా ముంగిట్లో మాత్రం ఆ రోజు ఒక చిన్న బజారు వెలిసిందని నాకనిపించింది. అదే చెప్పాను.

“ఇగో, మన గుమ్మం ముంగట ముగ్గురు అమ్మేటోళ్లు నిలబడ్డరు అనుకోండ్రి. ఒకటి, ఇప్పుడున్న అర్బాబ్ మీటర్, సాలిం గారిది. రెండు, ఎవరి ప్రీపెయిడ్ మీటర్ వాళ్లకు, ఫోన్ లెక్క రీచార్జ్ చేసుకునుడే. మూడు, బకాలా లైన్. ఎవర్ని పట్టుకోవాలె అంటే మూడు ప్రశ్నలు అడగాలె. యూనిట్ రేటు ఎంత? వాడకున్నా కట్టేది ఏమన్న ఉన్నదా? వద్దనుకుంటే బయటపడుడు ఎట్ల?”

“ఉండండుండండి, రాసుకుంటాను,” అని సత్యవతి గారు క్యాలెండర్ వెనక రాసుకున్నారు.

మల్లేశానికి బకాలా లైన్ నచ్చింది. “గాయన గంత సస్తకు ఇస్తనంటే నీకేం నొప్పే అన్నా?”

“దుకాణం లైన్ గోడ దుంకిచ్చి పండుకునే గదికి గుంజుడు తప్పురా. కాయిదం ఉండదు, ఎర్తింగ్ ఉండదు. అంటుకున్నదంటే నువ్వు రేటు అడగనీకి మిగలవు.”

దాంతో ఆ దారి మూసుకుపోయింది. సత్యవతి గారు వేరే మీటరే కావాలన్నారు. “నేనొక్కదాన్ని ఒక్క ఏసీ వేసుకుంటానండీ. ముగ్గురు మగాళ్లున్న గదితో సమానంగా పంచుకోవడం ఏం న్యాయమండీ?” న్యాయమే. మల్లేశం కూడా సరేనన్నాడు.

రత్నమ్మక్క మాత్రం గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. “ఇప్పుడు బాగనే ఉండాది గదప్పా,” అంది.

“ఏం బాగున్నదక్కా? నీ కెటిల్‌తోని అందరి కరెంటు పోతున్నది.”

“నాకు రీచార్జులు అయన్నీ తెలీవు.”

“నేను చేస్త కదా.”

గ్లాసు కింద పెట్టి, “సరే గానీ, నాది ఒక మాట. కరెంటు పోతే ఎవరొస్తారప్పా?” అని అడిగింది.

“కంపెనీకి నంబర్ ఉంటది. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతరు.”

“ఎత్తి యా బాస మాట్లాడతారు?”

“అరబ్బీ, ఇంగ్లీషు.”

“నాకు రెండూ రావే.”

మల్లేశం నవ్వాడు. “అక్కా, నీకింక కరెంటు పోవుడే ఉండదు. లైబ్రరీ అన్న పెట్టే బ్రేకర్ అంటే ఏమనుకున్నవ్?” అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. “నువ్వు సదువుకున్నోడివి నాయనా. నువ్వు చెప్పినాంక ఇంకేముండాది,” అంది.

నా మూడు ప్రశ్నలకు క్యాలెండర్ వెనక చోటు దొరికింది. ఆమె అడిగిన ప్రశ్నను ఎవరూ రాసుకోలేదు.

ఏప్రిల్ చివరికి పని పూర్తయింది. ప్రతి వాటాకూ విడి లైన్, విడి మీటరు, విడి ఈఎల్‌సీబీ. ముంగిట్లోని పాత బోర్డు పీకేశాను. కొత్త బోర్డులు ఎవరి గదిలో వాళ్లకు, తలుపు పైన, తడి తగలని ఎత్తులో పెట్టాను. ఒక గదిలో ఏం జరిగినా పక్క గదికి సంబంధం ఉండదు. మా భాషలో దీన్ని ఐసొలేషన్ అంటారు, వేరు చేయడం. దాన్ని ఎంత బాగా చేస్తే అంత మంచి పనివాడు.

రత్నమ్మక్క కెటిల్‌ను మెగ్గర్‌తో చూశాను. వైరు పైపూత ఎంత గట్టిగా ఉందో చెప్పే మీటరు అది. ముల్లు దాదాపు సున్నా దగ్గర పడుకుంది. “ఇది యముడక్కా. ఇయ్యాలనే బయట పారెయ్. కొత్తది కొనుక్కో,” అన్నాను.

“అట్నే లే నాయనా,” అంది. నేనప్పుడే కత్తెరతో దాని ప్లగ్ కోసి ఉండాల్సింది. పక్కవాళ్ల వస్తువు కదా అని ఊరుకున్నాను.

మే నెల చల్లగా గడిచింది. ఎండ గురించి కాదు, కీచులాటల గురించి అంటున్నాను. ఎవరి బిల్లు వాళ్లది. సాలిం గారు ఫోన్ చేసి నన్ను మెచ్చుకున్నారు. శుక్రవారాలు నేను వెళుతూనే ఉన్నాను. ముంగిట్లో ఎవరూ ఉండేవారు కాదు. మూడు తలుపులూ మూసి, మూడు ఏసీలూ మోగుతూ ఉండేవి. మల్లేశం గదిలో కూర్చుని అతను ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే నేనూ పక్క నుంచి చూసి తిరిగి వచ్చేవాణ్ని. ఏదో తక్కువైందని తెలిసేది. ఎండలు కదా, ఎవరు బయట కూర్చుంటారని సరిపెట్టుకున్నాను. ఆ నెలలో ఒక్క శుక్రవారం కూడా నేను రత్నమ్మక్క తలుపు తట్టలేదు. ఆమెను ఎప్పుడూ ముంగిట్లోనే చూసేవాణ్ని. తలుపు తట్టాలన్న ఆలోచనే రాలేదు.

జూన్ నెలలో ఒక శనివారం పొద్దున సైట్‌లో ఉండగా మల్లేశం ఫోన్ వచ్చింది. “అన్నా, జల్ది రా. అక్క పడిపోయింది. అంబులెన్స్‌కు ఫోన్ చేసిన.”

జరిగింది ఇది. రత్నమ్మక్క తన గది ఏసీ పైపు కింద ఒక బకెట్ పెట్టేది. పైపులోంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్లు తెల్లారేసరికి సగం బకెట్ అయ్యేవి. వాటిని డబ్బాలో పెంచుతున్న కరివేపాకు మొక్కకు పోసేది. ఆ శనివారం మల్లేశానికి సెలవు. పది గంటలకు నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే బకెట్ కనబడింది. లోపల పొడిగా ఉంది. పక్కన మొక్క వాలిపోయి ఉంది. జూన్ నెలలో హమ్రియాలో ఏసీ వేయకుండా ఎవరుంటారు? డ్యూటీకి పోయిందేమో అనుకున్నాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. పిలిచాడు, తలుపు బాదాడు. లోపలి నుంచి పిల్లి అరిచినంత చిన్న శబ్దం వచ్చింది. భుజంతో గొళ్లెం ఊడగొట్టాడు.

ఆ శుక్రవారం సైట్‌లో పని పడి నేను వెళ్లలేదు. సాయంత్రం ఐదింటికి రత్నమ్మక్క అదే పాత కెటిల్ స్విచ్ వేసింది. నేను పెట్టిన ఈఎల్‌సీబీ తన పని తాను సరిగ్గా చేసింది, ఆమె గది కరెంటు ఆపింది. ఆమె గదిది మాత్రమే. బ్రేకర్ లేపడానికి ప్లాస్టిక్ స్టూల్ ఎక్కింది. స్టూల్ జారింది. తుంటి ఎముక విరిగింది. ఫోన్ కిటికీ దగ్గర ఉంది, చేతికి అందలేదు. పిలిచింది. రెండు పక్కలా ఏసీల మోత. సత్యవతి గారి గదిలో టీవీ నడుస్తోంది. మల్లేశం వాళ్లు అన్నం తిని పడుకున్నారు. వాళ్ల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ బయటికి రాలేదు.

పాత బోర్డు ఉండి ఉంటే? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం పట్టుకుంది. పాత బోర్డు ఉంటే ఒక్క నిమిషంలో ముగ్గురు ముంగిట్లో ఉండేవాళ్లు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేయాలన్నారు. ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందని, ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టర్ అన్నారు. ఆమె బట్టలు, పాస్‌పోర్టు, రెసిడెన్సీ కార్డు తీసుకురావడానికి నేనూ సత్యవతి గారూ గదికి వెళ్లాం. మంచం కింద పెట్టె లాగుతుంటే దాని వెనక ఒక అట్టపెట్టె తగిలింది. సత్యవతి గారు బయటికి తీశారు. కొత్త కెటిల్. టేపు కూడా విప్పలేదు.

“ఇదేంటండీ!” అన్నారామె. “ఇది పోయినేడాది ఈద్‌కి తను పనిచేసే ఇంటి పెద్దామె ఇచ్చిందండీ. నాకు చూపించింది కూడా, నేనే మర్చిపోయానండీ. ఏడాదైపోయింది. మరి రోజూ ఆ పాతదెందుకు పెట్టిందండీ?”

నేను మంచం మీద కూర్చుండిపోయాను. బయట పగలు భగభగలాడుతోంది. కాళ్ల దగ్గర స్టూల్ ఇంకా పక్కకు పడే ఉంది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు వెళ్లాను. వార్డులో కేరళ నర్సు లిస్సీ సిస్టర్ ఆమెకు దిండు సర్దుతోంది. సిస్టర్ వెళ్లాక అడిగాను.

“మంచం కింద కొత్త కెటిల్ చూసినం అక్కా.”

రత్నమ్మక్క పైకప్పు వైపు చూసింది. “చూసినారా.”

“కొత్తది ఉండంగ పాతది ఎందుకు పెట్టినవ్?”

“కొత్తదాంట్లో నీళ్లు కాగుతాయి నాయనా. అంతే గదా. పాతది పెడితే నలుగురు బయటికొస్తాండ్రి. ఊరికే రమ్మంటే యాల వస్తారు? అందురూ అలిసిపోయి వచ్చినోళ్లు. ఏం పని ఉండాదని పిలిచేది?”

“మరి మీటర్లు మార్చినంక?”

“వారానికోతూరి పెడతాంటి. నా గది ఒక్కటే ఆరిపోతాండె. మల్లేశం ఏమన్నా తొంగి చూస్తాడేమోనని కొంచేపు కూర్చుంటాంటి. మళ్లా నేనే ఎక్కి లేపుకుంటాంటి.” నా మొహం చూసి, “నువ్వేం చేస్తావులే. నువ్వు కరెంటు పని బాగనే చేస్తివి,” అంది.

నా వృత్తిలో నేను అందుకున్న మెప్పుల్లో ఇది అన్నిటికంటే బరువైనది. ఏడాదిగా రోజూ ఆమె ప్రాణానికి తెగించి ఇల్లంతా చీకటి చేసి నలుగురితో టీ తాగింది. దాన్ని నేను లోపం అనుకున్నాను, సరిచేశాను. ఆ ఇంట్లో ఆ లోపం ఒక్కటే మనుషుల్ని కలిపి ఉంచిందని నాకు తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు. ఆ టీ కోసం నేను రువీ నుంచి నడిచి వచ్చేవాణ్ని. అది నాకు కూడా అవసరమని ఒప్పుకోలేదు.

పాత కెటిల్‌ను ఆ రోజే ప్లగ్ కోసి చెత్తలో వేశాను. లోపమున్న వస్తువు లోపమున్నదే, అందులో నాకు రెండో మాట లేదు. ఉమ్మడి బోర్డుకు తిరిగి పోవడం కూడా సరి కాదు. మరి ఏం చేయాలి? రెండు వారాలు ఆలోచించాను. జవాబు ఫ్యాక్టరీల గురించిన ఒక పుస్తకంలో దొరికింది. అక్కడ ఏ యంత్రానికి కరెంటు ఉందో, దేనికి లేదో దూరం నుంచే తెలియడానికి ప్యానెల్ మీద చిన్న చిన్న బల్బులు పెడతారు. పైలట్ ల్యాంప్ అంటారు.

ముంగిట్లో నల్లా పక్కన, పాత బోర్డు ఉన్న చోటే, మూడు పచ్చ బల్బుల చిన్న పెట్టె పెట్టాను. ఒక్కో గది నుంచి ఒక్కో బల్బు. గదిలో కరెంటు ఉంటే బల్బు వెలుగుతుంది, పోతే ఆరిపోతుంది. మూడు వేరు వేరు లైన్లు ఒకే పెట్టెలోకి తేవడం ప్రమాదం కాబట్టి మా ఇంజనీర్ బినోయ్ సార్‌తో వైరింగ్ పటం గీయించుకుని, తక్కువ వోల్టేజీకి దించి, లోపల అడ్డుగోడలు పెట్టి చేశాను. రత్నమ్మక్క గది బోర్డును చేతికి అందే ఎత్తుకు దించాను.

“రీచార్జ్ అయిపోతే హమ్రియా అంతా తెలిసిపోద్దన్నమాట మా సంగతి,” అన్నారు సత్యవతి గారు.

“మంచిదే గద వదినా, మేం చందాలు ఏస్తం,” అన్నాడు మల్లేశం.

ఆగస్టులో రత్నమ్మక్క వాకర్ పట్టుకుని తిరిగి వచ్చింది. సాయంత్రం ఆమెను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి బల్బులు చూపించాను. “ఇది నీది, నడిమిది.” నమ్మకం కుదరాలని లోపలికి వెళ్లి ఆమె గది బ్రేకర్ దించాను. నడుమ బల్బు ఆరింది. నేను బయటికి వచ్చేసరికి మల్లేశం తలుపు తెరుచుకుంది. మేం పరీక్ష చేస్తున్నామని అతనికి నేను చెప్పలేదు, కిటికీలోంచి బల్బు చూసినట్టున్నాడు. మెడ మీద తువ్వాల.

“ఏందక్కా, వచ్చిన నాడే మొదలువెట్టినవా? చాయ్ ఏది?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. వైర్లు సర్దుతున్నట్టు పెట్టె వైపు తిరిగాను. ఆ రోజు టీ సత్యవతి గారు కాచారు. అల్లం ఎక్కువైంది. అందరం గ్లాసులు ఖాళీ చేశాం.

మరుసటి ఏడాది రత్నమ్మక్క ఒమన్ వదిలి తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. నన్ను కంపెనీ మస్కట్ బయట సమాయిల్ అనే ఊరికి పంపింది. ఖర్జూర తోటల పక్కన స్టోర్, దాని వెనక నా గది. ఇంతకాలానికి నాకంటూ ఒక గది, ఒక మీటరు. వైరింగ్ అంతా నేనే చేసుకున్నాను. ఒక రోజు బయట గోడకు పచ్చ బల్బు పెట్టబోయి ఆగిపోయాను. పెట్టినా దాన్ని చూసేవాళ్లు లేరు. సాయంత్రం తోట పనివాళ్లు వెళ్లిపోయాక నీటి కాలువ చప్పుడు తప్ప ఏదీ ఉండదు. పుస్తకాలు ఉన్నాయి. పుస్తకాలు చాలా ఇస్తాయి. కానీ నేను పేజీ తిప్పడం ఆపేస్తే పుస్తకం లేచి వచ్చి తలుపు తట్టదు.

ఈ మాట ఒకసారి ఫోన్‌లో రత్నమ్మక్కతో అన్నాను. మర్నాడు ఇక్కడ సాయంత్రం ఐదయ్యేసరికి ఆమె నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. రెండు రింగులు, కట్. నేను తిరిగి రెండు రింగులు ఇచ్చాను. అప్పటి నుంచి అది ఆగలేదు. ఒక్క రోజు మాత్రం రాలేదు. ఆరు దాకా చూసి, భయపడి ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను. “ఏం లేదన్నా, పొద్దుట్నుంచి మాకు కరెంటు లేదు. అక్క ఫోన్ చచ్చిపోయిండాది,” అన్నాడు. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. “చూసినావా, వచ్చినాడు!”

ఇప్పుడు ఎవరైనా కొత్త కనెక్షన్ గురించి, ఏ మీటరు మంచిదని, ఏ లైన్ తీసుకోవాలని నా దగ్గరికి వస్తే నా మూడు ప్రశ్నలూ చెబుతాను. రేటు, తప్పనిసరి చార్జీ, బయటపడే దారి. కానీ వాటికంటే ముందు రత్నమ్మక్క ప్రశ్న అడుగుతాను. కరెంటు పోతే ఎవరొస్తారు? చాలామంది కంపెనీ ఫోన్ నంబరు చెబుతారు. అది కాదని, ఎవరు వస్తారో మనిషి పేరు చెప్పమని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు. కొందరు ఆలోచనలో పడతారు. అలా ఆలోచనలో పడినవాళ్ల ఇంటికి నేను పని అయ్యాక కూడా ఒకసారి వెళ్లి వస్తాను.

ఈ పని నాకు నేర్పినవాళ్ల పేర్లు చెప్పి ముగిస్తాను. అట్ట లేని పుస్తకాన్ని రిజిస్టర్‌లో రాయకుండా ఇంటికి ఇచ్చిన మా గ్రంథాలయం నర్సింగరావు సార్‌కు, వేరు చేయడానికీ మళ్లీ కలపడానికీ గోడ ఇచ్చిన సాలిం గారికి, పటం గీసిన బినోయ్ సార్‌కు, భాష తెలియని మనిషి పక్కన కూర్చుని చేయి పట్టుకున్న లిస్సీ సిస్టర్‌కు, ఆసుపత్రికి రోజూ గంజి మోసిన సత్యవతి గారికి, ఆ వారం తన కారులో అందరినీ తిప్పిన సూరిబాబుకు, పొడి బకెట్‌ను చూసి ఆగిన మల్లేశానికి నా దండాలు.

రత్నమ్మక్కకు వేరేగా చెప్పాలి. ఇప్పుడు ఐదు కావస్తోంది. ఆమె రెండు రింగులు ఇస్తుంది. ఈ రోజు నేను తిరిగి రింగులు ఇవ్వను. ఫోన్ ఎత్తి, ఇదంతా చదివి వినిపిస్తాను.